సెంటు భూమి అడగడం లేదు, పాత రికార్డు చూడనివ్వండి

రాయలసీమ జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

కలెక్టర్ గార్లకు నమస్కారం.

నేను కర్నూలులో ఉంటాను. హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. మా నాయన వాళ్ల వంశం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు ఎటు పోయారు అన్నది పాత భూమి లెక్కల్లో, జనాభా లెక్కల్లో వెతుక్కుంటున్నాను. ఆ పని మీద ఆఫీసుల గడపలు చాలానే తొక్కాను. అడగదలుచుకున్న మాట ముందే చెప్పేస్తాను. వందేళ్ల కిందటి రెవెన్యూ రికార్డును మీ ఆఫీసుల్లో ఇప్పటికీ భూమి తగాదా కాగితంగానే చూస్తున్నారు. మా జిల్లాల్లో మామూలు జనానికి మిగిలిన చరిత్ర అదే. దాన్ని ఊరి వారీగా స్కాన్ చేయించి, ఎవరైనా చూసుకునేటట్టు బయట పెట్టండి.

రాజులకు శాసనాలున్నాయి. గుళ్లకు స్థలపురాణాలున్నాయి. ఊళ్లకు కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్రలున్నాయి. రెండు వందల ఏళ్ల కిందట కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, కరణాల దగ్గరి దండకవిలెలు (పాత ఊరి లెక్కల పుస్తకాలు) చూసి రాసుకున్నవి అవి. కడప జిల్లావి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం పుణ్యమా అని అచ్చులో కూడా దొరుకుతున్నాయి. వాటిని చదివితే కోట ఎవరు కట్టించారో, చెరువు ఎవరు తవ్వించారో తెలుస్తుంది. ఆ చెరువు కింద మడి దున్నినవాడెవడో తెలియదు. వాడి పేరు కావాలంటే మీ రికార్డు రూముకే రావాలి.

వస్తే ఏమవుతుందో చెప్తాను. మొదటి ప్రశ్న, "సర్వే నంబరు ఎంతమ్మా?" సర్వే నంబరు తెలియదు, మనిషి పేరు తెలుసు అంటే, పేరుతో వెతకడం కుదరదంటారు. రెండో ప్రశ్న, "ఎందుకు కావాలి?" మా పెద్దల గురించి తెలుసుకోడానికి అంటే ఎదుటి మనిషి ముఖంలో నమ్మకం కనిపించదు. దాని వెనక ఏదో దావా ఉంటుందని, వెనక వకీలు ఉంటాడని అనుకుంటారు. వాళ్లను తప్పుపట్టను. భూముల రేట్లు ఇలా ఉన్న రోజుల్లో పాత రిజిస్టరు అడిగిన ప్రతి మనిషీ ఏదో ఒక ఎకరా మీద కన్నేసినట్టే కనిపిస్తారు.

నా విషయంలో ఇంకో చిక్కుంది. నేను ఆడపిల్లను. నాన్న పుట్టిన ఊరి రికార్డు కూతురు అడుగుతోందంటే ఇక చెప్పేదేముంది. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ చట్టం తెచ్చినప్పటి నుంచి మా వైపు మగపిల్లలకు ఈ విషయంలో ఒక టెన్షన్ ఉంది. నేను అర్జీ పెట్టిన సంగతి ఎవరు మోశారో గాని, మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, ఏమన్నా ఉంటే ఇంట్లో కూర్చొని మాట్లాడుకుందాం. ఆఫీసుల చుట్టూ ఎందుకు తిరుగుతావు?" అన్నాడు. "ఒరే, ఆ భూమి మీద ఇప్పుడు కృష్ణ పారుతోంది, అందులో వాటా ఇస్తావా?" అని అడిగితే అప్పుడు నవ్వాడు.

నిజమే, మా ఊరు లేదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు ఎత్తినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు మునిగాయి. 1981లో ఖాళీ చేయించిన ఊళ్లలో మాది ఒకటి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడితే టీవీలో చూపిస్తారు. మా ఊరికి అంత పేరు లేదు కాబట్టి ఎవరూ చూపించరు. ఊరు పోయింది, ఇల్లు పోయింది, సమాధులు పోయాయి. ఇంట్లో పెట్టెలో దాచుకున్న పాత పట్టాలు, రసీదులు 2009 అక్టోబరు వరదకు కర్నూలు మునిగినప్పుడు బురద ముద్దయ్యాయి. ఇక మా పెద్దల ఆనవాలు ఎక్కడన్నా ఉందంటే సర్కారు కాగితాల్లోనే ఉంది.

మా జేజి చెప్పిన కథ ఇది. ధాత కరువులో మా పెద్దాయన గుత్తి దిక్కు నుంచి భార్యాబిడ్డలతో, తమ్ముడితో నడిచి వచ్చాడు. ఆ ఊరి రెడ్డి నిలబెట్టుకున్నాడు. అంతే. ధాత అంటే 1876–77. ఆ రెండు మూడేళ్లలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఎట్లా ఖాళీ అయ్యాయో లెక్కలే చెప్తాయి. 1871 జనగణనకూ 1881 జనగణనకూ మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. చచ్చినవాళ్లు కొందరు, వలసపోయినవాళ్లు కొందరు. ఇన్ని లక్షల మందిలో మా పెద్దాయన బతికి నడిచినవాడు. గుత్తి తాలూకాలో ఏ ఊరి నుంచి నడిచాడు?

ఆ ప్రశ్న తర్వాత. ముందు, దొరికినదాని గురించి చెప్తాను. రికార్డు విలువ ఏమిటో అప్పుడు మీకే తెలుస్తుంది.

ఒక పాత తాలూకా కేంద్రంలో, మంచి మనసున్న ఒక ఉద్యోగి దయవల్ల, మా ఊరి రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు చూడగలిగాను. ఆఫీసు భాషలో ఆర్‌ఎస్‌ఆర్. 20వ శతాబ్దం మొదట్లో రాసింది. అట్ట ఊడింది, అంచులు బిస్కెట్ లాగా విరుగుతున్నాయి. పేజీ అడ్డంగా గళ్లు. సర్వే నంబరు, అది సర్కారుదా ఇనాందా (సేవకో గుడికో ఇచ్చిన మాన్యమా), మెట్టా మాగాణా, నీటి వనరు ఏది, నేల తరం ఎంత, ఎకరాకు శిస్తు ఎంత, విస్తీర్ణం ఎన్ని ఎకరాలు ఎన్ని సెంట్లు, పట్టా నంబరు, చివర పట్టాదారు పేరు. కళ్లు నేరుగా ఆ చివరి గడికే పోతాయి. ఈరన్నలు, మద్దిలేట్లు, ఓబులేసులు, పుల్లన్నలు. ఉసేనప్ప ఉంటాడు, ఆయన తండ్రి పేరు తిమ్మప్ప అని ఉంటుంది. మా వైపు దర్గాకు మొక్కుకొని కన్న బిడ్డలకు ఆ పేర్లే పెట్టేవాళ్లు కదా. ఇంటిపేర్లు ఉండవు. ఒకే ఊళ్లో ముగ్గురు మద్దిలేట్లు ఉంటే పెద్ద, చిన్న, నడిపి అని రాసి వదిలేస్తారు. అందుకే పేరు ఒక్కటీ పట్టుకొని వెతికితే దొరకదు. తండ్రి పేరు, పట్టా నంబరు, పక్క చేను ఎవరిది అన్నవి కలిపి చూసుకోవాలి.

మా ముత్తాత పేరు నల్ల సిరాలో కనిపించింది. అదే పట్టా నంబరు కింద ఇంకో పేరు ఉంది. ఆడమనిషి పేరు. ఫలానా వాడి భార్య అని. ఆ పేరు మీద ఎర్ర సిరాతో అడ్డగీత, పక్కన ఒక పొట్టి సంతకం. ఆ ఫలానా వాడి పేరు గాని, ఆమె పేరు గాని మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. ఆ సాయంత్రమే మా మేనత్తకు ఫోన్ చేశాను. తొంభై దాటిన మనిషి. కాసేపు ఆలోచించి, "ఆఁ, ఉండె. కలరాలో పోయినాడంట చిన్నాయన. ఆమె కూతుర్ని ఎత్తుకొని పుట్టింటికి పాయ. మళ్లీ రాలే" అంది. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు అడిగితివా?" అంది.

అక్కడి నుంచి సబ్ రిజిస్ట్రారాఫీసు. ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకాన్ని, దాని ఇండెక్సులను ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు. ఎందుకు అని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఇండెక్సు పేర్ల వారీగా ఉంటుంది. వెతికితే ఆమె రాసిచ్చిన హక్కు విడుదల దస్తావేజు దొరికింది. కొద్దిపాటి సొమ్ము తీసుకొని తన భర్త వాటా మా ముత్తాతకు వదిలేసింది. దస్తావేజులో ఆమె కాపురం ఉంటున్న ఊరు, పత్తికొండ తాలూకా అని స్పష్టంగా ఉంది. చివర ఆమె నిశాని. ఒక ఆడమనిషి మా వంశంలో ఉన్నదని చెప్పడానికి ఈ భూమ్మీద మిగిలిన రుజువు అది. ఆ ఊరికి పోయి అడిగితే ఆమె కూతురి తరఫు వాళ్లు తగిలారు. మాకు ఇన్నాళ్లూ లేరనుకున్న చుట్టాలు ఒక ఇంటెడు మంది.

చూశారా, ఒక శాఖ పుస్తకాలు తెరిచి పెడితే పని ఎంత తేలికగా అయిందో. రెవెన్యూ వైపు మాత్రం ఒక మంచి మనిషి ఎదురైతే పని అవుతుంది, లేకపోతే లేదు.

ఇక గుత్తి దిక్కు వస్తాను. అనంతపురం వైపు ఒక ఆఫీసులో అడిగితే, "1882 దాకా అనంతపురం జిల్లానే లేదు మేడమ్, గుత్తి అప్పుడు బళ్లారి జిల్లా. అక్కడ అడగండి" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. కాని బళ్లారి ఇప్పుడు వేరే రాష్ట్రం. అక్కడికి పోతే, గుత్తి మా జిల్లాలో లేదు కదా అంటారు. ఇద్దరూ నిజమే చెప్తారు, రికార్డు మాత్రం ఇద్దరి దగ్గరా ఉండదు.

మన జిల్లాల గీతలు ఎన్నిసార్లు చెరిపి గీశారో ఒకసారి గుర్తుచేసుకోండి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలాలకు థామస్ మన్రో కలెక్టరు. 33 అడుగుల గొలుసుతో ఊరూరా చేలు కొలిపించాడు. ఇప్పుడు మీరున్నది ఆయన కుర్చీలోనే. మా కర్నూలు ఒక్కటి 1839 దాకా నవాబు కింద ఉండేది, అది వేరే కథ. 1808లో దత్తమండలాలు బళ్లారి, కడప జిల్లాలయ్యాయి. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు కోయిలకుంట్ల, కంభం కడప నుంచి, పత్తికొండ బళ్లారి నుంచి వచ్చి కలిశాయి. అంటే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడినప్పుడు కోయిలకుంట్ల కడప జిల్లాలో ఉంది. 1910లో కదిరి కడప నుంచి అనంతపురానికి పోయింది. మరుసటి ఏడు చిత్తూరు జిల్లా పుట్టి మదనపల్లెను తీసుకుపోయింది. బనగానపల్లె 1948 దాకా నవాబు సంస్థానం, దాని లెక్కలే వేరు. 1953లో ఆదోని, ఆలూరు బళ్లారి నుంచి కర్నూలుకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. 1970లో గిద్దలూరు, మార్కాపురం కర్నూలు నుంచి ప్రకాశానికి పోయాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు వచ్చాయి.

ప్రతి గీతకూ రికార్డు కొంత ఇటు, కొంత అటు పోయింది. బండి మీద పోయింది కొంత, లారీ మీద పోయింది కొంత, దారిలో పోయింది కొంత. పాత రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ కావాలంటే ఇప్పటికీ మద్రాసు ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌కు రైలెక్కాలి. కనీసం ఒక పని చేయండి. ఏ ఊరి పాత రికార్డు, ఏ సంవత్సరానిది, ఇప్పుడు ఏ ఆఫీసు ఏ బీరువాలో ఉంది అన్న జాబితా మీ జిల్లాల్లో లేదు. అది తయారు చేయించి బయట పెట్టండి. రికార్డు చూపించకపోయినా, అది ఎక్కడ ఉందో తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది.

పట్టాదారుల గురించే మాట్లాడుతున్నాను గాని, ఊళ్లో సగం మందికి పట్టానే లేదు. మాల మాదిగల పేర్లు ఆర్‌ఎస్‌ఆర్‌లో ఎక్కడో గాని తగలవు. వాళ్ల పెద్దల్ని వెతకాలంటే ఇనాం రిజిస్టర్లే దిక్కు. 1858లో మొదలైన ఇనాం కమిషన్ తలారి మాన్యం, వెట్టి మాన్యం, నీరుగంటి మాన్యం, మంగలి మాన్యం, పీర్ల మాన్యం, చెరువు బాగుచేసినవాళ్లకిచ్చిన దశబంధం, ఒక్కొక్కటీ విచారించి రాసింది. ఎవరికి మొదట ఇచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, ఇద్దరికీ చుట్టరికం ఏమిటి, ఇవన్నీ అడిగారు. భూమి లేనివాళ్ల వంశం నాలుగు వాక్యాల్లోనన్నా కాగితం మీదికి వచ్చింది అక్కడే. ఆ తర్వాత మిషన్ చర్చీల బాప్తిస్మం రిజిస్టర్లు. జమ్మలమడుగులో లండన్ మిషన్, నంద్యాలలో ఎస్‌పీజీ అనే ఇంగ్లండు మిషన్, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పనిచేశాయి. ఆ రిజిస్టర్లు మీ చేతిలో లేవు. ఇనాం రిజిస్టర్లు ఉన్నాయి. ఒక దళిత కుటుంబం తన ముత్తాత తలారిగా చేసిన ఊరి ఇనాం పేజీ చూడాలని వస్తే, ఆ పేజీ కోసం వాళ్లు ఎవరి చేతులూ పట్టుకోనక్కర లేకుండా చేయండి.

ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టిన గళ్ల గురించి మీకు నేను చెప్పనక్కర లేదు. ఆ చుక్కల భూముల కోసం 2017లో చట్టమే చేయాల్సి వచ్చింది. మీకు అవి ఫైళ్ల తలనొప్పి. చరిత్ర వెతికేవాళ్లకు ఆ చుక్కల దగ్గర ఊళ్లో ఒక మనిషి ఉన్నాడో లేడో తేలని సందేహం మిగులుతుంది. ఊరి జనన మరణ రిజిస్టర్లు దానికి జవాబు చెప్పగలవు. అవి ఎక్కడున్నాయో మాత్రం ఏ ఆఫీసూ చెప్పడం లేదు.

జనాభా లెక్కల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో మనకు దొరికేది కొంచెం. ఇంగ్లండులో 1921 జనగణన ఫారాలు వందేళ్లు దాటాక 2022లో జనం ముందు పెట్టారు. అమెరికాలో 72 ఏళ్లు దాటితే తెరుస్తారు, 1950 నాటివి కూడా 2022లోనే వచ్చాయి. మన దగ్గర 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ఆ ఫారాలను ఎవరికీ చూపించకూడదంటుంది. గోప్యత ఉండాల్సిందే, బతికున్నవాళ్ల వివరాలు బయట పెట్టమని ఎవరూ అనడం లేదు. కాని లెక్క కట్టాక మన ఫారాలను దాచే ఆనవాయితీ కూడా లేకపోవడంతో, వందేళ్ల తర్వాత తెరుద్దామన్నా తెరవడానికి ఏమీ మిగలలేదు. పాత లెక్కల్లో మా ఊరు అంటే ఒక అంకె. ఇన్ని ఇళ్లు, ఇంత మంది. అందులో మా వాళ్లు ఎవరో తెలియదు.

ఒక్క చోట ఆశ ఉంది. 1951 జనగణనతో పాటు దేశమంతటా ఊరి వారీగా, ఇంటి వారీగా మనుషుల పేర్లతో జాతీయ పౌర రిజిస్టరు (ఎన్ఆర్సీ) రాశారు. అస్సాం గొడవల వల్ల ఆ పేరు వింటేనే ఇప్పుడు భయం పుడుతుంది గాని, నేను అడిగేది పౌరసత్వం సంగతి కాదు. ఆ ఏటి రిజిస్టర్లు మన జిల్లాల్లో ఏ బీరువా వెనకన్నా మిగిలాయేమో ఒకసారి వెతికించండి. మిగిలి ఉంటే, మునిగిపోయిన ఊళ్లన్నీ మళ్లీ ఇల్లు ఇల్లుగా మన ముందుకు వస్తాయి. ఇక 2027 మార్చి 1 రిఫరెన్సు తేదీగా జరిగే జనగణన పూర్తిగా డిజిటల్ అంటున్నారు, కులం కూడా అడుగుతారు. డిజిటల్ కాబట్టి దాచడానికి గోడౌన్లు అక్కర లేదు. దాన్ని చెరిపేయకుండా తాళం వేసి ఉంచి, మనవళ్ల మనవళ్లకు తెరవమని మీరు పైకి ఒక మాట రాయండి. మీరు రాస్తే చదువుతారు, నేను రాస్తే చదవరు.

ఇంకో పోలిక చెప్పకుండా ఉండలేను. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా చెరుకు తోటల్లో కూలికి నాటాల్‌కు పోయినవాళ్లు 1,52,184 మంది. అందులో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చతో సహా రాశారు. కూలీ పారిపోతే పట్టుకోడానికి రాసిన లెక్కే అది, ప్రేమతో రాసింది కాదు. అయినా ఆ జాబితాలు ఇప్పుడు కంప్యూటరులో పేరు కొట్టి వెతుక్కోవచ్చు. మారిషస్‌లోనూ మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో అలాంటి రికార్డులు, ఫోటోలతో సహా, భద్రంగా ఉన్నాయి. ఆ దేశాల నుంచి మనవళ్లు వాళ్ల తాత ఊరి పేరు చేత పట్టుకొని మన జిల్లాలకు వస్తే, వాళ్లకు చూపించడానికి మన దగ్గర ఏముంది? కరువుకు సముద్రం దాటినవాడి ఆనవాలు దొరుకుతోంది, అదే కరువుకు గుత్తి నుంచి కర్నూలు నడిచినవాడిది దొరకడం లేదు.

ఇప్పుడే ఎందుకు అంటే, రీసర్వే. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లతో కొలిచి, పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబర్లు ఇస్తున్నారు. రైతుకు మంచిదో కాదో ఆ చర్చలోకి పోను, అది చేసేవాళ్లు చాలా మంది ఉన్నారు. నా గోడు వేరే. మన్రో కాలంలో పైమాషీ (పాత కొలతల) నంబరు, ఆ తర్వాత సర్వే నంబరు, రీసర్వే నంబరు, ఇప్పుడు ఎల్‌పీఎం. ఏ పాత నంబరు ఏ కొత్త నంబరయిందో చెప్పే పట్టిక ఒక్కటి పోయినా అక్కడితో దారి తెగుతుంది. ఊరు రీసర్వే అయిపోయింది కదా, ఇక పాత ఆర్‌ఎస్‌ఆర్, డైగ్లాట్ (రెండు భాషల్లో రాసిన భూమి రిజిస్టరు) ఎందుకని మూటగట్టి పారేసే రోజు దగ్గర్లోనే ఉందని నా భయం. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టరాఫీసులో ఫైళ్లు కాలిపోయాయి. కాగితం ఒక్క రాత్రిలో ఏమవుతుందో మీకు తెలుసు.

రికార్డులు బయట పెడితే కబ్జాదారులకు దారి చూపినట్టవుతుందని మీ వాళ్లు అంటారు. ఆ మాట నాతో అన్నారు కూడా. కబ్జా చేసేవాడికి దారి ఎప్పుడో తెలుసు. తాళం వల్ల ఆగేది వాడు కాదు, తెలిసినవాళ్లు ఎవరూ లేని మనిషి. 1947కు ముందు కాగితాలకే పరిమితం చేయండి. ప్రతి పేజీ మీద హక్కుకు చెల్లదు, చరిత్ర కోసం మాత్రమే అని అడ్డంగా ముద్ర కొట్టండి. కోర్టుకు కావాల్సినవాళ్లు ఎలాగూ సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. చట్టం కూడా మీకు అడ్డం లేదు. సమాచార హక్కు చట్టం 8వ సెక్షన్ 3వ సబ్ సెక్షన్ ప్రకారం ఇరవై ఏళ్లు దాటిన విషయాలకు, దేశ భద్రత, సభా హక్కులు, మంత్రివర్గ కాగితాల వంటివి తప్ప, మిగతా మినహాయింపులేవీ వర్తించవు. వందేళ్ల కిందట చచ్చిపోయిన మా ముత్తాత పట్టా నంబరులో ఏ దేశ భద్రత ఉందని?

రికార్డు రూమే అంతా కాదు. 1984 జనవరిలో మునసబు, కరణం వ్యవస్థ రద్దయినప్పుడు లెక్కలన్నీ అప్పగించమన్నారు. అప్పగించినవి కొన్ని. కోపంతోనో, పట్టించుకోకనో, తాతల నాటి ఆస్తి అనో ఇంట్లోనే పెట్టుకున్నవి చాలా. ఇప్పటికీ ఎన్నో పాత కరణాల ఇళ్లలో అటకల మీద గుడ్డలో చుట్టిన కవిలె కట్టలు, దఫ్తరాలు ఉన్నాయి. వాళ్ల పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్నారు. ఇల్లు అమ్మిన రోజు అవి పాత పేపర్లవాడికి పోతాయి. వాళ్లను దొంగల్లా చూసి నోటీసు ఇస్తే రాత్రికి రాత్రి పొయ్యిలో పెడతారు. అలా కాకుండా, తెచ్చి ఇవ్వండి, స్కాన్ చేసి మీది మీకు ఇచ్చేస్తాం, ఎవరినీ ఏమీ అడగం అని ఒక ప్రకటన ఇవ్వండి. ఊరి సచివాలయం మెట్ల మీద ఒక రోజు స్కానరు పెట్టి కూర్చుంటే ఎన్ని కట్టలు వస్తాయో చూడండి.

అన్ని ఊళ్లూ ఒక్కసారే చేయమంటే ఏ ప్రభుత్వమూ చేయదని నాకు తెలుసు. మునిగిపోయిన ఊళ్లతో మొదలుపెట్టండి. శ్రీశైలం కింద మావి, సోమశిల వెనక నీళ్ల కింద, గండికోట కింద కడప వాళ్లవి. ఆ నేల సర్కారుది, నీళ్లది. అక్కడ కొత్తగా కబ్జా చేయడానికి ఏమీ లేదు, కాబట్టి మీ భయమూ లేదు. ఆర్‌ఎస్‌ఆర్, ఇనాం రిజిస్టరు, ఊరి మ్యాపు, వాటితో పాటు భూసేకరణ అవార్డు కాగితాలు కూడా తీయించండి. ఏ ఇంటికి ఎన్ని దూలాలు, ఏ చేలో ఎన్ని చింతచెట్లు, బావి ఎన్ని మెట్లు అని నష్టపరిహారం కోసం రాసిన ఆ లెక్కలు ఇప్పుడు మా ఊరికి మిగిలిన ఫోటోలు. వాటి కోసం వచ్చేవాళ్లను ప్రాజెక్టులో భూమి పోయినవాళ్లకిచ్చే జీవో 98 ఉద్యోగం కోసం వచ్చారా అని అడగొద్దని మీ స్టాఫుకు చెప్పండి. ఆ ఉద్యోగం వయసు మాకు ఎప్పుడో దాటింది.

చదివేవాళ్లు లేరని మాత్రం అనకండి. పాత కరణాల గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్లు నాకు తెలిసినంతలోనే కొందరున్నారు, అందరూ డెబ్బై దాటినవాళ్లు. వాళ్ల దగ్గర నేర్చుకోడానికి నాలాంటి రిటైరైన టీచర్లం ఉన్నాం. జీతం అక్కర లేదు. ఒక టేబులు, ఒక లైటు, తాగడానికి నీళ్లు పెట్టిస్తే ఏ రోజు రమ్మంటే ఆ రోజు వస్తాం. బ్యాగులు గేటు దగ్గరే పెట్టి, పెన్నులు కూడా బయటే వదిలి, పెన్సిలు పట్టుకొని వస్తాం.

ఇట్లు,
మునిగిన ఊరి ఆడబిడ్డ,
కర్నూలు